గాలివాటం గెలుపు

పేపర్లో ఆటల పేజీ చదివే అలవాటు ఉన్నవాళ్ళకి "గాలివాటం గెలుపు" అనే మాట కొత్తేం కాదు. ఊరూ పేరూ లేని జట్టు ఎప్పుడైనా పెద్ద జట్టుని ఓడించిందనుకోండి, మర్నాడు ఆ కెప్టెన్ "మాది గాలివాటం గెలుపు కాదు" అని అందరికీ చెప్పుకోవాల్సొస్తుంది. అంటే తన ప్రమేయం ఏమీ లేకుండా, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి గెలిచేయడం అన్నమాట. ఈ మాట మీద నాకు ఓ రెండేళ్ళుగా పెద్ద అభ్యంతరం ఉంది. ఎందుకంటే వారాంతాల్లో నేను ఆడే ఆట అచ్చంగా గాలివాటమే. అయినా అందులో పైన ఉండేవాళ్ళు మాత్రం ఏడాది పొడుగునా ఆ నలుగురే!

విషయం ఏంటంటే, బోస్టన్లో ఛార్లెస్ నది మీద మేం ఓ పది పన్నెండు మందిమి శనివారాలు లాంగ్‌బోర్డుల మీద విండ్‌సర్ఫింగ్ పందేలు వేసుకుంటాం. రెండు మార్కులు నీళ్ళలో పడేస్తాం, గాలికి ఎదురు వెళ్ళి పై మార్కు చుట్టూ తిరిగి కిందకి రావాలి. ఒక్కో పందెం పదిహేను ఇరవై నిమిషాలు. ఇప్పుడు మా గుంపులో ఓ ప్రతిపాదన వచ్చింది. పాత లాంగ్‌బోర్డులు అమ్మేసి, నీళ్ళ మీద గాల్లో తేలుతూ పోయే ఫాయిల్ బోర్డులు కొనాలట, నది వదిలేసి సముద్రానికి పోవాలట. కారణం? "నది మీద గాలి నిలకడగా ఉండదు, నిమిషానికోసారి తిరుగుతుంది, ఇక్కడ పందెం ఒట్టి లాటరీ" అని. త్వరలో ఓటింగు. నా ఓటు ఎటో, ఎందుకో చెప్పడానికే ఈ టపా.

లాటరీ అంటే ఏంటో మనవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. హెచ్-1బి కోసం నా పేరు వరసగా మూడేళ్ళు డ్రాలో వేశారు. ఆ మూడేళ్ళూ నేను చేయగలిగిన పని ఒక్కటే, ఫోన్ పట్టుకుని కూర్చోవడం. కోడ్ బాగా రాసినంత మాత్రాన పేరు ముందుకి రాలేదు, చెత్తగా రాసినవాడి పేరు వెనక్కి పోలేదు (చిలుకూరు బాలాజీ భక్తులు నన్ను క్షమించాలి). అదీ లాటరీ. తెలివిగలవాడు ఏం చేసినా ఫలితం మారకపోతే దాన్ని లాటరీ అనాలి. నది మీద గాలి అలాంటిది కాదు అన్నదే నా వాదన.

ముందు లాంగ్‌బోర్డ్ సంగతి క్లుప్తంగా. విండ్‌సర్ఫింగ్ బోర్డుకి చుక్కాని ఉండదు. మాస్టు అడుగున అన్ని వైపులకీ వంగే కీలు ఉంటుంది. తెరచాపని ముందుకి వాలిస్తే బోర్డు ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కి వాలిస్తే గాలి వైపు తిరుగుతుంది. న్యూమన్ డార్బీ అనే ఆయన 1965లో పాపులర్ సైన్స్ పత్రికలో తన సెయిల్‌బోర్డ్ గురించి రాశాడు. కాలిఫోర్నియాలో హోయల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ 1968లో ఈ వంగే కీలున్న బోర్డుకి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. డ్రేక్ విమానాల ఇంజనీరు, ష్వైట్జర్ కంప్యూటర్ల రంగం మనిషి. అంటే ఈ ఆట పురిటిగదిలోనే మన వృత్తివాళ్ళు ఉన్నారు :)

ఆ మొదటి బోర్డుల పొడవు పన్నెండడుగులు. ఇప్పటికీ లాంగ్‌బోర్డులు ఇంచుమించు అంతే ఉంటాయి. మధ్యలోంచి నీళ్ళలోకి దిగే డాగర్‌బోర్డు ఒకటి ఉంటుంది. అది బోర్డుని పక్కకి జారిపోకుండా పట్టుకుంటుంది. దాని పుణ్యమా అని, చెట్టు ఆకు కదిలీ కదలని గాలిలో కూడా లాంగ్‌బోర్డు నడుస్తుంది, గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో ఎదురు పోతుంది. ఈ రెండు గుణాలూ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

గాలికి నేరుగా ఎదురు ఏ తెరచాపా పోలేదు. కాసేపు ఎడమకి ఏటవాలుగా, తర్వాత ట్యాక్ చేసి, అంటే మాస్టు ముందునుంచి అటు పక్కకి దూకి తెరచాప మార్చుకుని, కాసేపు కుడికి ఏటవాలుగా పోవాలి. 400 మీటర్ల దూరంలో ఉన్న పై మార్కుకి ఇలా మెలికలు తిరుగుతూ పోతే దాదాపు 565 మీటర్లు అవుతుంది. గాలి కదలకుండా ఉంటే ఎన్ని మెలికలు తిరిగినా దూరం అంతే. అసలు కథ గాలి తిరిగినప్పుడు మొదలవుతుంది.

నది మీద గాలికి అడ్డంగా ఓ పెద్ద నిచ్చెన పరిచినట్టు ఊహించుకోండి. ఒకే మెట్టు మీద ఉన్న ఇద్దరూ సమానం, ఒకడు ఈ ఒడ్డు దగ్గర, ఇంకొకడు ఆ ఒడ్డు దగ్గర ఉన్నా సరే. గాలి తిరిగితే నిచ్చెన మొత్తం దాంతోపాటు తిరుగుతుంది. గాలి ఏ వైపుకి తిరిగిందో ఆ వైపు ఉన్నవాడు పై మెట్టెక్కుతాడు, రెండోవాడు కిందకి జారతాడు. ఎంత? గాలి పది డిగ్రీలు తిరిగితే, ఇద్దరి మధ్య ఉన్న అడ్డదూరంలో దాదాపు నాలుగో వంతు. ఇరవై డిగ్రీలు తిరిగితే దాదాపు సగం. (అడ్డదూరం ఇంటూ సైన్ ఇంటూ రూట్ రెండు. నమ్మకం లేకపోతే కాగితం మీద వేసి చూసుకోండి.) ఇద్దరి మధ్యా 200 మీటర్లు ఉంటే ఒక్క పది డిగ్రీల మలుపుతో యాభై మీటర్ల తేడా. సెకనుకి రెండు మీటర్లు పోయే బోర్డుకి అది పాతిక సెకన్లు. ఓ చేత్తో గడ్డం గోక్కుంటూ నిలబడ్డవాడికి పాతిక సెకన్లు ఊరికే వచ్చి ఒళ్ళో పడతాయి. లాటరీ వాదం పుట్టింది ఇక్కడే.

కానీ పాచికకీ గాలికీ ఓ తేడా ఉంది. పాచికకి పోయినసారి ఏం పడిందో గుర్తుండదు, గాలికి ఉంటుంది. గాలి తిరగడానికి కారణాలుంటాయి, వాటిలో చాలావరకూ ఒడ్డున నిలబడి చూస్తే కనపడతాయి.

ఛార్లెస్ నదినే తీసుకోండి. హార్వర్డ్ బ్రిడ్జికీ లాంగ్‌ఫెలో బ్రిడ్జికీ మధ్య నది బాగా విశాలంగా ఉంటుంది, ఆనకట్ట వల్ల నీళ్ళు చెరువులా నిలబడి ఉంటాయి, కాబట్టి ప్రవాహం గొడవ పెద్దగా లేదు. ఉన్నదల్లా గాలి గొడవే. ఎండాకాలంలో మామూలుగా నైరుతి గాలి. అది బ్యాక్ బే మేడల మీంచి, 240 మీటర్ల హాంకాక్ టవర్ పక్కనుంచి వస్తుంది. చలిగాలులు దిగిన మర్నాడు వాయవ్యం నుంచి వచ్చేది ఎమ్ఐటీ భవనాల సందుల్లోంచి దూరి వస్తుంది. ఒక్కో సందుకీ ఒక్కో దిక్కు. వంతెన కింద ఓ రకం, చెట్ల వరస వెనక ఓ రకం. పైపెచ్చు గట్టి విసురు వచ్చినప్పుడు పైనున్న గాలి కిందకి దిగుతుంది. పైగాలికి నేల రాపిడి తక్కువ కాబట్టి, ఉత్తరార్ధగోళంలో అది చాలాసార్లు కాస్త కుడికి తిరిగి ఉంటుంది. ఇవేవీ రహస్యాలు కావు. రోజూ అదే నది, అవే మేడలు.

ఇహ తిరగడంలో కూడా రెండు రకాలు. మొదటిది ఊగిసలాట. గాలి ఓ సగటు దిక్కుకి అటూ ఇటూ, గడియారం లోలకంలా ఊగుతుంది. ఇలాంటప్పుడు ఏ దారిలో ముక్కు మార్కు వైపుకి ఎక్కువ తిరిగి ఉందో ఆ దారిలో ఉండాలి. గాలి మనకి వ్యతిరేకంగా సగటు దాటిందంటే ట్యాక్ చెయ్యాలి. రెండోది తిరిగి వెనక్కి రాని మలుపు. మే, జూన్ నెలల్లో మధ్యాహ్నం నైరుతి గాలి నీరసించి చచ్చిపోయి, కాసేపటికి తూర్పు నుంచి సముద్రపు గాలి ఊరు దాటుకుని వస్తుంది. ఇప్పుడు మొదటి సూత్రం పాటిస్తే మునిగిపోతాం. గాలి ఎటునుంచి కొత్తగా వస్తోందో అటే ముందుగా పోవాలి. ఒకే లక్షణానికి రెండు రోగాలు, రెండింటికీ మందు తలకిందులు. వచ్చింది ఊగిసలాటా, మలుపా అని తేల్చుకోవడమే ఈ ఆటలో సగం.

మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే సిగ్నలూ నాయిసూ గొడవ. ప్రతి చిన్న స్పైక్‌కీ అర్ధరాత్రి ఆన్-కాల్ వాణ్ణి నిద్రలేపే అలర్ట్ ఎంత పనికిమాలినదో, గాలి మూడు డిగ్రీలు కదిలినప్పుడల్లా ట్యాక్ చేసేవాడు అంత. ట్యాక్ ఊరికే రాదు, ప్రతిదానికీ రెండు బోర్డుల పొడవు దూరం సమర్పించుకోవాలి. అలాగని అలర్ట్ అసలు మోగకుండా సైలెంట్‌లో పెట్టేస్తే సర్వర్ ఎప్పుడో పడిపోయి ఉంటుంది.

నేను మొదట్లో చెప్పిన ఆ నలుగురిలో ఒకాయన గురించి చెప్పాలి. అరవై అయిదేళ్ళుంటాయి, స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మిగతావాళ్ళు ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు, నాకు మాత్రం నోరు రాక "సార్" అనేస్తాను. ఆయన పందేనికి అరగంట ముందే నీళ్ళలోకి దిగుతారు. రెండు నిమిషాలకోసారి బోర్డు ముక్కు గాలికి ఎదురుగా తిప్పి, అది అవతలి ఒడ్డున ఏ మేడకి సూటిగా ఉందో చూసి, బోర్డు మీద పెన్సిల్‌తో ఓ గీత గీస్తారు. పది పన్నెండు గీతలయ్యేసరికి గాలి ఎక్కణ్ణించి ఎక్కడిదాకా ఊగుతోందో, సగటు ఎక్కడో, ఎంతసేపటికోసారి వెనక్కొస్తోందో ఆయన చేతిలో ఉంటుంది. పందెంలో ఆయన ఏ ఒడ్డుకీ పూర్తిగా పోరు. ఆయనకంటే బలమైనవాళ్ళం మేం పదిమందిమి ఉన్నాం, ఆయన తెరచాప మా అందరిదానికంటే పాతది. ఆయన మొదట రావడం తక్కువే. కానీ అయిదో స్థానం కిందకి పోవడం ఇంకా తక్కువ. సీజన్ చివర్న పట్టిక వేస్తే ఎప్పుడూ పైనే. లాటరీలో ఒకే మనిషికి ప్రతి ఏడూ ప్రైజు వస్తోందంటే అది లాటరీ కాదు, లేదా ఆ మనిషి మీద పోలీసు కేసు పెట్టాలి.

మరి లాటరీ అన్న పేరు ఎందుకొచ్చింది? దీనికి నా దగ్గర ఓ జవాబుంది. వెనకబడినవాడు ఏం చేస్తాడు? ముందున్నవాడి వెనకే పోతే ఎప్పటికీ వెనకే, కాబట్టి అందర్నీ వదిలేసి ఓ ఒడ్డు పట్టుకుని చివరిదాకా పోతాడు. గాలి అటు తిరిగితే అదృష్టం. అయిదుసార్లకి ఓసారి తిరుగుతుంది కూడా. చివర్నుంచి మొదటికి వచ్చేస్తాడు! ఆ రోజు ఒడ్డున బీరు తాగుతూ అందరూ మాట్లాడుకునేది ఆ పందెం గురించే. మిగతా నాలుగుసార్లు అతను చివర్న వచ్చిన సంగతి ఎవరికీ గుర్తుండదు. గాలివాటం గెలుపులు ఉంటాయి, లేవనను. అవి ఒక్కో పందెంలో ఉంటాయి, పట్టిక మీద ఉండవు.

అందుకే సెయిలింగ్‌లో ఓ మంచి పద్ధతి ఉంది. మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండోదానికి రెండు, అలా కలుపుకుంటూ పోతారు. తక్కువ పాయింట్లు వచ్చినవాడు విజేత. అన్నిటికంటే చెడ్డ పందెం ఒకటి కొట్టేస్తారు. స్టాటిస్టిక్స్ క్లాసులో నిద్రపోని వాళ్ళకి ఇందులో కిటుకు తెలిసిపోతుంది. ఒక్క పందెంలో అదృష్టం ఎంత ఊపు ఊపినా, తొమ్మిది పందేల సగటులో ఆ ఊపు మూడో వంతుకి పడిపోతుంది, నైపుణ్యం మాత్రం అలాగే ఉంటుంది. గాలిని ఏమీ చేయక్కర్లేదు, పందేల సంఖ్య పెంచితే చాలు.

దీనికి తలకిందుల ఉదాహరణ కావాలంటే 2024 పారిస్ ఒలింపిక్స్ చూడండి. సెయిలింగ్ పోటీలు మార్సెయ్‌లో సముద్రం మీద జరిగాయి, నది మీద కాదు. బోర్డులు లాంగ్‌బోర్డులు కావు, సరికొత్త ఐక్యూఫాయిల్. ఆడవాళ్ళ విభాగంలో బ్రిటన్‌కి చెందిన ఎమ్మా విల్సన్ ముందు రోజుల పందేలన్నిటి పట్టికలో పెద్ద తేడాతో మొదటి స్థానంలో నిలిచింది. కానీ కొత్త పద్ధతి ప్రకారం పతకాలు తేల్చేది ముగ్గురితో జరిగే ఒకే ఒక్క చివరి పందెం. అందులో ఇటలీకి చెందిన మార్తా మజ్జెత్తి గెలిచింది, ఇజ్రాయెల్‌కి చెందిన షారన్ కాంటర్ రెండోది, ఎమ్మా మూడోది. తర్వాత ఎమ్మా ఆ పద్ధతిని అందరిముందే విమర్శించింది. మజ్జెత్తిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఉన్న నియమాల్లో ఆవిడ గెలిచింది. నేననేది ఏంటంటే, సముద్రానికి పోయినా, ఖరీదైన బోర్డులు కొన్నా, ఒక్క పందెంతో తేల్చేస్తే అది లాటరీకి దగ్గరవుతుంది. టీవీ వాళ్ళకి చివరి నిమిషం ఉత్కంఠ కావాలి, అందుకని వారం రోజుల పని పక్కన పెట్టేశారు. ఏడాదంతా బాగా పనిచేసినవాణ్ణి డిసెంబర్లో జరిగిన ఒక్క ప్రొడక్షన్ బగ్‌తో కొలిచే మేనేజర్లు మీలో ఎంతమందికి తగిలారు?

ఇహ ఫాయిల్ సంగతి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఫాయిల్ అద్భుతమైన ఇంజనీరింగ్. నీళ్ళలో ఓ చిన్న రెక్క మొత్తం మనిషినీ బోర్డునీ పైకి లేపేస్తుంది. ఒలింపిక్స్‌లో విండ్‌సర్ఫింగ్ 1984 లాస్ ఏంజిలిస్‌లో విండ్‌గ్లైడర్ అనే పొడవాటి బోర్డుతో మొదలైంది. 1996 నుంచి 2004 దాకా 3.72 మీటర్ల మిస్ట్రల్, 2008 నుంచి టోక్యో దాకా 2.86 మీటర్ల పొట్టి ఆర్ఎస్ఎక్స్, పారిస్‌లో ఫాయిల్. ప్రతిసారీ వేగం పెరిగింది. ఒలింపిక్స్‌కి వెళ్ళేవాళ్ళకి అది బాగానే ఉంటుంది.

మరి శనివారం రెండు గంటలు దొరికే మనలాంటివాళ్ళకి? ఫాయిల్ నీళ్ళలోకి దాదాపు మీటరు లోతు దిగుతుంది. నది అంచుల్లో ఆ లోతు ఉండదు, ఉన్నచోట నాచు, ప్లాస్టిక్ సంచులు చుట్టుకుంటాయి. గాలి కాస్త తగ్గిందంటే రెక్క పైకి లేవదు. ఒక్కసారి కిందకి దిగిపోయినవాడు మళ్ళీ లేచేసరికి లేచి ఉన్నవాడు కనుచూపు మేర దాటిపోతాడు. అంటే విసురులు, నీరసాలు కలగలిసిన నది గాలిలో ఫాయిల్ పందెం నిజంగానే లాటరీ అవుతుంది. లాంగ్‌బోర్డు అలా కాదు. గాలి సగమైతే వేగం తగ్గుతుంది గానీ ఆట ఆగదు. అందరివీ ఇంచుమించు ఒకే బోర్డులు, ఒకే నిదానం. కాబట్టి తేడా వచ్చేది ఎవరు గాలిని ముందుగా చూశారన్న దగ్గరే. తిరిగే గాలి, నిదానపు బోర్డు ఒకదానికొకటి జోడీ. మనం ఆ బోర్డు తీసేసి, మిగిలిన గాలిని తిడుతున్నాం.

డబ్బు సంగతి కూడా ఉంది. పాత లాంగ్‌బోర్డు ఎవరి గ్యారేజీలోనో దుమ్ము కొట్టుకుని ఉంటుంది, కొన్నిసార్లు "తీసుకెళ్ళు బాబూ" అని ఊరికే ఇస్తారు. మా గుంపులో ఇద్దరు స్టూడెంట్లున్నారు, ఉద్యోగం పోయి ఆరునెలలుగా వెతుక్కుంటున్నవాడు ఒకడున్నాడు. కొత్త ఫాయిల్ సెట్టు కొనాలంటే ముందు రాలిపోయేది వాళ్ళే. సముద్రానికి పోవాలంటే కారుండాలి, రోజంతా ఖాళీ ఉండాలి. నదికి రెడ్‌లైన్ రైలెక్కి వచ్చేయొచ్చు. ఛార్లెస్ ఒడ్డునే ఉన్న కమ్యూనిటీ బోటింగ్ సంస్థ నినాదం "అందరికీ సెయిలింగ్" అని. ఆ అందరిలో మా పెన్సిల్ సారూ, ఉద్యోగం లేని కుర్రాడూ ఉండాలా వద్దా అన్నదే నాకు అసలు ప్రశ్న. వేగం కోరుకునే కుర్రాళ్ళు సముద్రానికి వెళ్తే నాకేం అభ్యంతరం లేదు, శుభం. బోర్డులు అమ్మి వెళ్ళొద్దనే నా గోల.

అన్నట్టు, చిన్న నీళ్ళు, మేడల మధ్య తిరిగే గాలి అనగానే మీకు హుస్సేన్ సాగర్ గుర్తురావాలి. అక్కడ ఏళ్ళ తరబడి జాతీయ స్థాయి సెయిలింగ్ పోటీలు జరుగుతున్నాయి. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లల్ని తెచ్చి ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవల్లో నేర్పిస్తోంది. హైదరాబాద్ అమ్మాయి కొంగర ప్రీతి 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల దాకా వెళ్ళింది. గాలి నిలకడగా లేదని ఆ పిల్లల్ని ఇంటికి పంపేసి ఉంటే ఏమయ్యేది? చౌక పడవ, తిక్క గాలి, బోలెడన్ని పందేలు. సెయిలర్లని తయారుచేసే బడికి ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి నా మటుకు నాకు స్పష్టంగానే ఉంది. బోర్డులు అమ్మకూడదు. నది వదలకూడదు. లాటరీలా అనిపిస్తోందా? శనివారం మూడు పందేల బదులు ఆరు పెడదాం, చెడ్డవి ఒకటో రెండో కొట్టేద్దాం, పట్టిక గోడకి అంటిద్దాం. దానికి ఓ రూపాయి ఖర్చు లేదు. నా ఓటు ఇదీ. సముద్రం పక్షం వాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ లెక్క కూడా చెప్పండి, వింటాను. మీరేమంటారు?